బిల్లు ఒకటి, చేతికందేది ఒకటి: ఫ్రీలాన్స్ అనువాదకుల చెల్లింపుల లెక్క

హైదరాబాద్‌లో ఇంటి నుంచి అనువాదం చేసేవాళ్లకు పని నాలుగు దిక్కుల నుంచి వస్తుంది. వీసా కోసం నిఖానామానో జనన ధ్రువపత్రాన్నో ఇంగ్లీషులోకి మార్చమనే కుటుంబం ఒకటి. క్లినికల్ ట్రయల్స్‌లో చేరేవాళ్ల సమ్మతి పత్రాలు తెలుగులో కావాలనే ఫార్మా కంపెనీ ఒకటి. అలాంటి కంపెనీల దగ్గర పని తీసుకుని పంచే ఏజెన్సీ మరొకటి. యాప్‌ల మీద కనిపించే మాటలను తెలుగులోకి తేవాలనే విదేశీ లోకలైజేషన్ సంస్థ ఇంకొకటి. ‘మీకు డబ్బు ఎలా పంపమంటారు?’ అని నలుగురూ అడుగుతారు. దీనికి ఒకే జవాబు ఎందుకు ఉండదో, ఒకరు ఒద్దనే పద్ధతిని మరొకరు ఎందుకు కోరుకుంటారో బిల్లులో రాసిన అంకె దగ్గర మొదలుపెట్టి చూస్తే తెలుస్తుంది.

పోయే సొమ్ము, ఆగే సొమ్ము

బిల్లు రూ.60,000, ఖాతాలో పడింది రూ.54,000. విదేశీ బిల్లు 200 డాలర్లు, ఖాతాలో పడింది 175 డాలర్లకు సరిపడా రూపాయలు. రెండూ చూడ్డానికి కోతల్లాగే ఉంటాయి గానీ రెండూ ఒకటి కావు. మొదటిది టీడీఎస్, అంటే చెల్లించేవాళ్లే ముందుగా కోసి కట్టే ఆదాయపు పన్ను. ప్రభుత్వం దగ్గర మీ పాన్ మీద జమ అయి ఉంటుంది, రిటర్నులో తిరిగి లెక్కకు వస్తుంది. రెండోది బ్యాంకులు, చెల్లింపు సంస్థలు తీసుకున్న రుసుము. అది మళ్లీ రాదు. వీటికి తోడు మూడోది ఆలస్యం: రావాల్సింది పూర్తిగానే వస్తుంది, కాకపోతే మూడు నెలలకు వస్తుంది. ‘ఏ పద్ధతి మంచిది’ అనే వాదనలు చాలావరకు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే తెగవు.

చిన్న పనులకు యూపీఐ, నగదు

సర్టిఫికెట్ల అనువాదానికి వచ్చేవాళ్లు రూ.500, రూ.1,000, మహా అయితే రెండు మూడు వేలు ఇస్తారు. ఇక్కడ యూపీఐకి పోటీ లేదు. ఖర్చు లేదు, పత్రం చేతికిచ్చే ముందే డబ్బు పడుతుంది, మామూలుగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఈ స్థాయి పనికి చాలు. నిజాం కాలపు ఉర్దూ భూమి కాగితాల్లాంటి పెద్ద కట్టకు సగం ముందు, సగం చివర అన్న పద్ధతి నడుస్తుంది. మళ్లీ కనిపించని క్లయింటు దగ్గర అడ్వాన్సు అడగడంలో తప్పేమీ లేదు. ఏజెన్సీలు మాత్రం అడ్వాన్సు ఇవ్వవు.

నగదు తీసుకుంటే పన్ను గొడవ ఉండదనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాక అది ఇంకా బలపడింది. కానీ సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి రూ.20 లక్షల టర్నోవర్. ఆ డబ్బు నగదుగా వచ్చిందా, యూపీఐలో వచ్చిందా అన్నది చట్టానికి అనవసరం. పైగా ఒక మనిషికి ఒక రోజులో రూ.10,000 మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కల్లో చూపుకునే వీలు వ్యాపార సంస్థలకు ఉండదు. అందుకే కంపెనీలు నగదు మాట ఎత్తవు.

ఏజెన్సీ బిల్లులో పదో వంతు ఎందుకు తగ్గుతుంది

దేశంలోని ఏజెన్సీలు, కంపెనీలు నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్‌తో నేరుగా ఖాతాకు పంపుతాయి. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ రోజంతా, సెలవుల్లో కూడా పనిచేస్తోంది కాబట్టి ‘బ్యాంకు సెలవు వల్ల ఆగింది’ అనే సాకుకు ఇప్పుడు చోటు లేదు. గందరగోళమంతా టీడీఎస్ దగ్గరే.

వృత్తి సేవల రుసుముపై 194జె సెక్షన్ కింద 10 శాతం కోస్తారు. ఒకే సంస్థ నుంచి ఏడాదిలో వచ్చే మొత్తం రూ.50,000 దాటితేనే ఇది వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 1కి ముందు ఆ పరిమితి రూ.30,000. కాంట్రాక్టు పనికి వర్తించే 194సి కింద అయితే వ్యక్తులకు 1 శాతమే. రూ.60,000 బిల్లు మీద మొదటి దారిలో రూ.6,000, రెండో దారిలో రూ.600 ఆగుతాయి. (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. అకౌంట్స్ విభాగాల నోట ఇంకా పాత నంబర్లే.)

అనువాదం ఏ సెక్షన్ కిందికి వస్తుంది? 194జె చెప్పే వృత్తుల్లో న్యాయ, వైద్య, ఇంజినీరింగ్, అకౌంటెన్సీ లాంటివి ఉన్నాయి, అనువాదం పేరు విడిగా లేదు. ఏజెన్సీ ఇచ్చిన ఫైలును నిర్ణీత ధరకు చేసివ్వడం కాంట్రాక్టు పనే కాబట్టి 1 శాతం చాలునన్నది ఒక వాదన. భాషా నైపుణ్యంతో చేసే పని వృత్తి సేవేనన్నది మరో వాదన. కంపెనీలు రెండోదానికే మొగ్గడానికి కారణం వాటి భయం. తక్కువ కోస్తే ఆ తేడాకు, దాని వడ్డీకి కంపెనీదే బాధ్యత. ఎక్కువ కోస్తే కంపెనీకి పోయేదేమీ లేదు. ఆ బరువు మోసేది అనువాదకులు. ఏడాదికి నాలుగు లక్షలు సంపాదించే మనిషికి కట్టాల్సిన పన్నే లేకపోవచ్చు, అయినా కోసిన రూ.40,000, రిటర్ను వేసి రీఫండు వచ్చేదాకా చేతికి రాదు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

ఇక్కడ అసలు తేడా కొట్టేది కోత కాదు, కోసిన సొమ్ము కట్టకపోవడం. ఏజెన్సీ టీడీఎస్ మినహాయించి, ప్రభుత్వానికి జమ చేయకపోయినా, తప్పు పాన్ మీద జమ చేసినా అది మీ పాన్ మీద జమ అయిన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో కనిపించదు. అప్పుడు ఆ సొమ్ము ఆగినట్టు కాదు, దాదాపు పోయినట్టే. జనవరి-మార్చి త్రైమాసికపు టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి సంస్థలకు మే 31 దాకా గడువు ఉంటుంది. అందుకే ఏప్రిల్‌లో చూసి ‘పడలేదు’ అనుకోవడం తొందరపాటు, జూన్ దాటినా కనిపించకపోతే అడగాల్సిందే.

అంచనా ఆదాయ పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు చెల్లింపు మార్గానికీ పన్నుకూ నేరుగా లంకె ఉంది. చిన్న వ్యాపారాలకు ఉద్దేశించిన 44ఏడీ సెక్షన్ కింద బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లలో 6 శాతం, నగదు వసూళ్లలో 8 శాతం లాభంగా లెక్కిస్తారు. వృత్తులకు ఉద్దేశించిన 44ఏడీఏలో అయితే 50 శాతం. అనువాదకులు ఏ గూటిలోకి వస్తారన్న దాని మీద సీఏలలోనే ఏకాభిప్రాయం లేదు. క్లయింటు 194జె కింద కోసి ఉంటే, మనిషి 44ఏడీ కింద రిటర్ను వేస్తే, ఆ రెండూ పొసగడం లేదని శాఖ ప్రశ్న వేసే అవకాశం ఉంది. ఏజెన్సీ ఏ సెక్షన్ రాస్తుందో పట్టించుకోవడం అందుకే.

జీఎస్టీ: క్లయింటు ఇవ్వకముందే కట్టాల్సిన సొమ్ము

అనువాదంపై జీఎస్టీ 18 శాతం, సేవల కోడ్ 998395. రూ.20 లక్షల పరిమితిలో విదేశీ ఆదాయం కూడా కలుస్తుందన్నది చాలామందికి తట్టదు. బయటి నుంచి 14 లక్షలు, ఇక్కడి నుంచి 7 లక్షలు వస్తే మొత్తం 21 లక్షలు, నమోదు తప్పదు. విదేశీ క్లయింటు ఒక్కరున్నా మొదటి రూపాయి నుంచే నమోదు కావాలనే భయం మాత్రం అక్కర్లేదు. 2017 అక్టోబరు 13 నాటి నోటిఫికేషన్ అంతర్రాష్ట్ర సేవలు అందించే చిన్నవాళ్లను ఈ పరిమితి వరకు మినహాయించింది.

నమోదైన అనువాదకురాలు రూ.60,000 పనికి రాసే బిల్లు రూ.70,800. జీఎస్టీని విడిగా చూపితే టీడీఎస్ అసలు అరవై వేల మీదే, అంటే రూ.6,000. ఖాతాలో పడేది రూ.64,800. అందులో రూ.10,800 ఆమెది కాదు. నెలవారీ రిటర్ను వేసేవాళ్లయితే మరుసటి నెల 20లోపు దాన్ని కట్టాలి, క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా. బిల్లు తేదీయే లెక్క, డబ్బు పడిన తేదీ కాదు. 60 రోజులకు చెల్లించే ఏజెన్సీకి జూన్ 1న బిల్లు ఇస్తే, జులై 20కి చేతి నుంచి రూ.10,800 కట్టి, ఆ తర్వాత పది రోజులకు గానీ సొమ్ము చూడరు. చెల్లింపు గడువు గురించి అనువాదకులు అంత పట్టుబట్టడానికి ఇదొక కారణం. వాళ్లకు అనుకూలమైన నియమం ఒకటుంది: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే క్లయింటు ఆ బిల్లు జీఎస్టీని చూపి తన పన్నులో తగ్గించుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. ఈ ఒక్క వాక్యం రాసిన మెయిల్ అకౌంట్స్ విభాగాన్ని కదిలించిన సందర్భాలు తక్కువేం కాదు.

200 డాలర్లకు ఒక దారి, 2,000 డాలర్లకు మరో దారి

విదేశీ క్లయింటు ముందు మూడు దారులుంటాయి. ఒకటి పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సంస్థ. రెండు, బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ బదిలీ. మూడు, పేయోనీర్ లాంటి సంస్థలు కల్పించే పద్ధతి: అమెరికాలోనో యూరప్‌లోనో మీ కోసం స్థానిక ఖాతా వివరాలు ఇస్తారు, క్లయింటు తన దేశంలో మామూలు బదిలీ చేసినట్టే చేస్తాడు, రూపాయలుగా మార్చి ఇక్కడి ఖాతాలో వేసేది ఆ సంస్థ.

పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లో దేశీయ చెల్లింపులు ఆపేసింది. ఇప్పుడు విదేశాల నుంచి అందుకోవడానికే. ఇందులో కోత రెండు చోట్ల పడుతుంది. రుసుము బయటికి కనిపిస్తుంది. మార్పిడి రేటులో మిగుల్చుకునేది కనిపించదు. లెక్క సులువు కోసం డాలరు మార్కెట్ ధర రూ.90 అనుకుందాం. రుసుము 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు, మార్పిడి రేటు మార్కెట్ కంటే 3.5 శాతం తక్కువ అనుకుందాం. 200 డాలర్ల బిల్లులో రుసుము పోగా 190.90 డాలర్లు మిగులుతాయి. డాలరుకు రూ.86.85 చొప్పున వచ్చేది సుమారు రూ.16,580. మార్కెట్ ధరలో అది రూ.18,000 కావాలి. పోయింది రూ.1,420, దాదాపు 8 శాతం.

అదే 200 డాలర్లు స్విఫ్ట్‌లో వస్తే మధ్యలో ఉన్న కరస్పాండెంట్ బ్యాంకు 20 డాలర్లు తీసుకుందనుకుందాం. ఇక్కడి బ్యాంకు మార్కెట్ కంటే 1 శాతం తక్కువ రేటు ఇచ్చి, జమ చేసినందుకు జీఎస్టీతో కలిపి రూ.236, మార్పిడి మీద జీఎస్టీగా కనీస మొత్తం రూ.45 తీసుకుంటే చేతికి సుమారు రూ.15,757 వస్తాయి. పన్నెండున్నర శాతం పోయింది. చౌక అనుకున్న బ్యాంకు బదిలీయే ఇక్కడ ఖరీదైంది.

బిల్లు 2,000 డాలర్లయితే లెక్క తిరగబడుతుంది. పేపాల్‌లో అందేది సుమారు రూ.1,66,030, పోయేది దాదాపు రూ.14,000. స్విఫ్ట్‌లో అందేది రూ.1,75,930 పైచిలుకు, పోయేది నాలుగు వేలు. పేపాల్ కోత బిల్లుతో పాటు పెరుగుతుంది, స్విఫ్ట్ కోతలో ఎక్కువ భాగం బిల్లు ఎంతైనా ఒకటే. ఈ రేట్ల ప్రకారం రెండూ సమానమయ్యేది 335 డాలర్ల దగ్గర. చిన్న చిన్న బిల్లులను నెలకోసారి కలిపి ఒకే బిల్లుగా రాసే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది.

స్థానిక ఖాతా దారిలో మార్పిడికి 2 శాతం పోతుందనుకుంటే 200 డాలర్లకు రూ.17,640 అందుతాయి. చిన్న, మధ్య బిల్లులకు అనువాదకులు దీన్ని ఇష్టపడడం సహజం. అయితే ఏడాదంతా కలిపి తక్కువ సొమ్ము వచ్చిన ఖాతాల నుంచి వార్షిక రుసుము తీసుకునే సంస్థలున్నాయి. అన్నిటికంటే ముందు క్లయింటు ఒప్పుకోవాలి. పెద్ద ఏజెన్సీ అకౌంట్స్ విభాగం తన సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రెండు మూడు మార్గాలే చూపిస్తుంది. వందల మంది అనువాదకులకు నెలలో ఒకే రోజు డబ్బు పంపేవాళ్లకు పేపాల్ మూకుమ్మడి చెల్లింపు చాలా సులువు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది అన్యాయమైన కోరిక కాదు. రుసుము ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. పేపాల్ రుసుమును బిల్లులో అదనపు వరుసగా వేయడాన్ని ఆ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పదానికి వేసే ధరలోనే దాన్ని కలిపి చెబుతారు.

స్విఫ్ట్‌లో ఈ ప్రశ్నకు మూడక్షరాల జవాబులున్నాయి. బదిలీ ఫారంలో ‘అవర్’ అంటే ఖర్చులన్నీ పంపేవారివి. ‘షా’ అంటే పంపే బ్యాంకు ఖర్చు వాళ్లది, దారిలోనూ ఇక్కడా పోయేది మనది. ‘బెన్’ అంటే మొత్తం మనదే. ఒప్పందంలో ఏమీ రాయకపోతే క్లయింటు ఎక్కువగా ‘షా’ పెడతాడు. 200 డాలర్ల బిల్లుకు 180 డాలర్లే పడితే ‘మేం పూర్తిగా పంపాం’ అని అతను చెప్పేదీ నిజమే.

రూపాయలు పడినా డాలర్లేనని చెప్పే కాగితం

విదేశీ క్లయింటుకు చేసిన పని జీఎస్టీ చట్టంలో సేవల ఎగుమతి. పన్ను సున్నా. నమోదైనవాళ్లు ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే జీఎస్టీ వేయకుండానే బిల్లు రాయవచ్చు. దీనికి ముఖ్యమైన షరతు, చెల్లింపు విదేశీ మారకంలో గానీ, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో గానీ రావాలి. పేపాల్ నుంచి ఖాతాలో పడేవి రూపాయలే కదా! ఆ సొమ్ము విదేశీ మారకంగా దేశంలోకి వచ్చిందని చెప్పేది ఫిరా అనే ధ్రువపత్రం. అందులో పంపినవారి పేరు, విదేశీ మొత్తం, మార్పిడి రేటు, సొమ్ము దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఉంటాయి. మూడేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు పనికొచ్చేది బ్యాంకు పాస్‌బుక్కు కాదు, ఇదే. ఫిరా తేలిగ్గా ఇవ్వని మార్గాన్ని, రుసుము ఎంత తక్కువైనా సరే, జీఎస్టీ ఉన్న అనువాదకులు పక్కన పెడతారు. ఆ జాగ్రత్త సరైనదే.

విదేశీ సంస్థ తన భారతీయ శాఖ పేరిట పని ఒప్పందం రాసి, ఆ శాఖే రూపాయల్లో చెల్లిస్తే అది ఎగుమతి కాదు. 18 శాతం జీఎస్టీ, టీడీఎస్ రెండూ వచ్చి కూర్చుంటాయి. పర్చేజ్ ఆర్డర్ మీద ఏ దేశపు చిరునామా ఉందన్నది అంత ముఖ్యం.

అమెరికా క్లయింట్లు అడిగే డబ్ల్యూ-8 బెన్ ఫారం చూసి కంగారు పడేవాళ్లు ఉన్నారు. మీరు అమెరికావాసి కాదని ధ్రువీకరించే కాగితం అది. పని జరిగింది హైదరాబాద్‌లో కాబట్టి ఆ ఆదాయంపై అక్కడ కోత ఉండదు. కోత లేదంటే ఇక్కడ ఎవరూ టీడీఎస్ కట్టలేదనే అర్థం. ఏడాది పన్ను రూ.10,000 దాటేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీల్లో విడతలుగా కట్టుకోవాలి. అంచనా ఆదాయ పద్ధతివాళ్లకు మార్చి 15 ఒక్కటే.

45 రోజుల చట్టం, 60 రోజుల అలవాటు

మాకు తుది క్లయింటు ఇచ్చేదే 60 రోజులకు, మీకు ముందే ఎలా ఇస్తాం అన్నది ఏజెన్సీల వాదన. చిన్న ఏజెన్సీ విషయంలో ఇది అబద్ధం కాదు. కానీ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 దీన్ని ఒప్పుకోదు. అలాంటి సంస్థల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు, ఒంటరిగా సేవలందించే మనిషి అయినా సరే, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే ఏడాదికి 16.5 శాతం. రూ.40,000 బిల్లు గడువు దాటి మూడు నెలలు ఆగితే వడ్డీ దాదాపు రూ.1,673.

ఈ చట్టంలో అనువాదకులకు బాగా పనికొచ్చే మాట వడ్డీ గురించి కాదు. పని అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే దాన్ని స్వీకరించినట్టు లెక్క. డబ్బు అడిగిన రెండు నెలలకు ‘క్వాలిటీ బాగోలేదని క్లయింటు అన్నారు’ అనే జవాబుకు ఇది సూటైన ఎదురు.

2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) చేర్చి దీనికి పదును పెట్టింది. ఏజెన్సీ రూ.80,000 పనిని ఫిబ్రవరి 1న స్వీకరించింది, గడువు 45 రోజులు. మార్చి 18 లోపు ఇవ్వకుండా ఏప్రిల్‌లో ఇస్తే, ఆ రూ.80,000ను ఆ ఏడాది ఖర్చుగా చూపలేదు. చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. అదే పని ఫిబ్రవరి 25న స్వీకరించి, 45 రోజుల గడువు ముగిసేలోపు ఏప్రిల్‌లో ఇస్తే ఇబ్బంది లేదు. మార్చిలో పాత బకాయిలు ఒక్కసారిగా కదలడంలో దీని పాత్ర ఉంది.

అయినా ఈ చట్టం కింద ఫిర్యాదు చేయాలా అన్న దగ్గర అనువాదకులు రెండుగా చీలిపోతారు. ఫిర్యాదు బకాయిల వివాదాలు తేల్చే కౌన్సిల్‌కు వెళ్తుంది, తీర్పు మీద అప్పీలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందే జమ చేయాలి. చట్టం బలంగానే ఉంది. కానీ ఆ ఏజెన్సీ నుంచి మళ్లీ పని రాదన్నదీ అంతే నిజం. నెలకు లక్ష పని ఇచ్చే ఏజెన్సీతో 60 రోజులకు సర్దుకుపోయేవాళ్లను తప్పుపట్టలేం. ఆరు నెలలుగా ఫోన్ ఎత్తని ఏజెన్సీతో తెగతెంపులకు భయపడటంలో మాత్రం అర్థం లేదు. ఉద్యం నమోదు పని చేపట్టే ముందే ఉండాలన్న వ్యాఖ్యానం బలంగా ఉంది కాబట్టి, గొడవ వచ్చాక నమోదు చేసుకుంటే ప్రయోజనం అనుమానమే.

పడిన డబ్బు వెనక్కి పోయేది ఎప్పుడు

నెఫ్ట్, స్విఫ్ట్‌లో పడిన సొమ్మును పంపినవాళ్లు తమంతట తాము వెనక్కి లాక్కోలేరు. పేపాల్‌లో 180 రోజుల దాకా వివాదం లేవనెత్తవచ్చు. ఫైలు ఈమెయిల్‌లో వెళ్లే అనువాదానికి పార్సిల్ రసీదులాంటి రుజువు ఉండదు కాబట్టి ఆర్డరు, డెలివరీ, స్వీకరణ మెయిళ్లే ఆధారం. కొత్త క్లయింటు నుంచి పెద్ద మొత్తం పేపాల్‌లో వస్తుంటే కొందరు జంకేది ఇందుకే.

ఇంకో మోసం అనువాదకులనే వెతుక్కుంటూ వస్తుంది. ముక్కూ మొహం తెలియని విదేశీ క్లయింటు మామూలు వ్యాసం ఒకటి ఇస్తాడు, ధర బేరమాడడు, 600 డాలర్ల పనికి 2,600 డాలర్ల చెక్కు పంపి, ‘పొరపాటున ఎక్కువైంది, మిగతా రెండు వేలు వెంటనే పంపండి’ అంటాడు. చెక్కు ఖాతాలో కనిపించడం, నిజంగా వసూలు కావడం రెండు వేర్వేరు విషయాలు, మధ్య వారాలు పట్టవచ్చు. మీరు పంపిన రెండు వేలు వెళ్లిపోయాక చెక్కు తిరిగొస్తుంది. విదేశీ క్లయింటు మీద ఎంఎస్‌ఎంఈ చట్టం పెద్దగా పనిచేయదు, రెండొందల డాలర్ల కోసం అక్కడ కోర్టుకెక్కడమూ అయ్యే పని కాదు. కాబట్టి విదేశీ ఏజెన్సీల విషయంలో వసూలు కంటే ముందు విచారణే ఎక్కువ కాపాడుతుంది. అనువాదకుల వెబ్‌సైట్ ప్రోజ్ డాట్ కామ్‌లోని బ్లూ బోర్డు అందుకు వాడుకలో ఉంది. అక్కడ అనువాదకులు ఏజెన్సీలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. సగటు కంటే చివరి ఆరు నెలల మార్కులు ఎక్కువ చెబుతాయి. ఏళ్ల తరబడి 5 వచ్చిన ఏజెన్సీకి ఈమధ్య వరుసగా 1, 2 పడుతున్నాయంటే, అక్కడ సొమ్ము కటకట మొదలైందనే అర్థం చేసుకోవచ్చు.